చావు సీనులో నవ్వు

నాయిక ప్రాణం విడుస్తున్న చోట టెస్సా ఫక్కున నవ్వింది.

ప్రొఫెసర్ లోరింగ్ బొమ్మ ఆపి లైటు వేశాడు. రోచెస్టర్‌లోని ఆ కాలేజీలో మూకీ సినిమాల క్లాసు అది. పిల్లలంతా వెనక్కి తిరిగారు.

టెస్సాకు పుట్టుచెవుడు. ఎదురుగా కూర్చునే గ్వెన్ ప్రొఫెసర్ మాటలను ఆమెకు సైగల్లో చెబుతుంది. ఆమె సైగలను అందరికీ పైకి చెబుతుంది.

"గ్వెన్, ఆ అమ్మాయికి నవ్వెందుకొచ్చిందో అడుగు."

"ఆమెను చూసి ఆమెనే అడగండి సార్. నేను ఉత్త గొంతుని."

లోరింగ్ ముఖం కందింది. పొద్దుటి నుంచీ అతనికి స్థిమితం లేదు. ఎన్నడో పోయిందనుకున్న మూకీ చిత్రం తన దగ్గరుందని ఒకాయన నకలు పంపాడు. ఇప్పుడు క్లాసులో వేసింది అదే. అసలు రీలు ఇంకా చూపలేదు. అది నిజమైనదేనని మధ్యాహ్నం విలేకరుల ముందు లోరింగ్ తన పేరు మీద చెప్పబోతున్నాడు. చరిత్ర శాఖలోని ప్రూయిట్ మాత్రం, "దొంగ సరుకు, జాగ్రత్త" అని వెక్కిరించి పోయింది.

"ప్రూయిట్ పంపిందా నిన్ను?"

టెస్సా చేతులు చకచకా కదిలాయి. "ఆవిడెవరో నాకు తెలీదు," అంది గ్వెన్.

"మరి ఏం తప్పు కనిపించింది? గౌను కుట్టు చూశాను. దీపం చూశాను. గోడ కాగితం కూడా వదల్లేదు. బొమ్మ అదురు చేత్తో తిప్పిన కెమెరాదే. నెలల తరబడి గాలించాను."

"అవన్నీ బాగానే ఉన్నాయి సార్."

"అయితే నవ్వెందుకు?"

"చెప్తే మీరు బాధపడతారు."

ముందు వరసలోంచి బ్రాడీ అందుకున్నాడు. "మాకందరికీ ఏడుపొస్తుంటే తమరికి నవ్వొచ్చిందా తల్లీ?"

"నువ్వు 'బాబును చూసుకో' అని తెర మీద పడిన అక్షరాలు చదివి ఏడ్చావు. నేను ఆమె పెదాలు చూశాను."

లోరింగ్ భుజాలు ఒక్కసారిగా సడలాయి. చాలాసేపటికి నవ్వాడు కూడా.

"ఓస్, అదా! శబ్దం లేని రోజులు కదా, నటులు నోటికొచ్చింది మాట్లాడేవాళ్లు. ప్రాణం పోతూ పక్కవాణ్ణి బూతులు తిట్టినవాళ్లూ ఉన్నారు. అదైతే మరీ మంచిది. ఆ కాలపు బొమ్మేననడానికి ఇంకో సాక్ష్యం! ప్రూయిట్ నోరు మూతపడుతుంది. సిగ్గుపడకు, ఉన్నదున్నట్టు చెప్పు. విలేకరులకూ అదే చెప్తాను. ఏమంటోంది ఆవిడ?"

టెస్సా చేతులు ఈసారి మెల్లగా కదిలాయి.

ఏనాడూ తడబడని గ్వెన్ తడబడుతూ చెప్పింది.

"'తొందరగా కానివ్వు బాబూ, నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోతోంది.'"