కొండ దిగిన నీళ్లు

“పైపులొచ్చేశాయి గదమ్మా. రేపే పలుగు పట్టేద్దాం,” అన్నాడు జక్రయ్య.

“పట్టి ఏం చేస్తావు?” మంచం మీద నుంచే అడిగింది ఖాజాబీ.

“నీళ్లు దించుతాను.”

“ఎవరికి? ఎన్ని?”

జక్రయ్యకు నవ్వొచ్చింది. తల నెరిసేదాకా దర్శి చుట్టుపక్కల పైపులు వేస్తూనే ఉన్నాడు. ఎక్కడ తవ్వాలో చెప్పినవాళ్లే గాని ఇట్లా అడిగినవాళ్లు లేరు.

కనిగిరి అవతల, కొండ కింద ఊరది. బోర్లలో నీళ్లకు కొదవ లేదు. కానీ అవి తాగి పిల్లల పళ్లు గారపట్టేవి, కీళ్లు బిగుసుకుపోయేవి, కాళ్లు వంకరపోయేవి. కొండ మీద బండల నడుమ ఊటనీళ్లు నిలిచే దొన ఒకటుంది. ఆ నీళ్లు మాత్రం తియ్యన. పైపు వేస్తే మోటారు లేకుండానే ఊళ్లోకి దిగుతాయని ఖాజాబీ ఇంటింటికీ కబురుపెట్టి పెద్దల్ని ఒప్పించింది. ఒంగోలులో ఒక సేవా సంఘం వాళ్లు పైపులిచ్చారు. ఒకసారే ఇస్తారు. పని చెడిపోతే మళ్లీ ఈ దిక్కు చూడరు.

అందుకే ఆమె తొందరపడలేదు.

“రోహిణి కార్తె ఎండల్లో దొనలో ఎంత మిగులుతుందో చూడు. అవి ఊరి బిందెలకు సరిపోతాయంటేనే పని. సరిపోకపోతే పైపులు తిరిగి పంపిద్దాం. అప్పటికి మిరపకోతలు అయిపోయి జనానికి చేతులు ఖాళీ అవుతాయి.”

“దారి ఎట్టా పెడదాం? పైపు ఎక్కడా లేచి దిగకూడదమ్మా. మధ్యలో గాలి పట్టేస్తుంది.”

ఆమె కళ్లు మూసుకుంది. “దొన దగ్గర చీలిన బండ ఉంటది. దానికి ఎడమగా దిగు. కిందకొచ్చాక నున్నటి రాతి చట్టు. దాని మీద వేశావంటే ఎండకు పైపు మెత్తబడిపోద్ది. పక్కన మట్టిగాడి ఉంది, అందులో పూడ్చు. రేలచెట్టు దగ్గర నేల వీపులాగా లేస్తది. అక్కడే నీ గాలి పట్టేది. చుట్టుతిరిగి రా. కుడివైపు వాగుదారి మాత్రం వద్దు. పెద్దవాన పడితే రాళ్లు దొర్లేది అటే.”

మర్నాడు మేకలు కాసే హయాత్‌ను వెంటబెట్టుకుని జక్రయ్య కొండెక్కాడు. చీలిన బండ ఉంది. చట్టు ఉంది, చెయ్యి పెడితే చుర్రుమంది. రేలచెట్టు దగ్గర నేల లేచింది. అతను అక్కడే నిలబడి కిందికి చూశాడు. ఊరు అగ్గిపెట్టెలు పేర్చినట్టుంది. అందులో ఏదో ఒక ఇంట్లో, మోకాళ్లు ముడుచుకుపోయి మంచం దిగలేని మనిషి ఈ కొండనంతా కళ్లలో పెట్టుకుని ఉంది.

“ఆమెకు చెప్పకుండా ఈ కొండ మీద మేక కూడా ఈనదు. కొండ దిగిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి అడుగుద్ది,” అన్నాడు హయాత్. ఆ వెంటనే గొణిగాడు, “మరి మా మేకలేం తాగాలి?”

ఆ మాట కిందికొచ్చి చెబితే, “మొదటి తొట్టి పైన మేకలకే కట్టు,” అంది ఖాజాబీ. “వాటి నీళ్లు మనం లాక్కున్నాక మేకలోళ్లు పైపు కోస్తే తప్పు మనదే.”

అన్నీ కుదిరాయనుకుంటుండగా అయూబ్ అడ్డం తిరిగాడు. ఆమె సొంత తమ్ముడు. కొండ కింద మిరపచేను అతనిదే. పైపు అందులోంచే రావాలి.

“నా చేనుకూ ఒక పంపు పెట్టక్కా. లేకపోతే గట్టు మీద పలుగు పడనివ్వను.”

“ఇవి తాగటానికేరా. నీ చేనుకు ఒక్క తడి పారిందంటే ఊళ్లో బిందె నిండదు.”

“అయితే నా చేలో తవ్వొద్దు.”

ఖాజాబీ గొంతు పెంచలేదు. వాకిట్లో ఆడుకుంటున్న గుల్షన్‌ను పిలిచింది. అయూబ్ మనవరాలు. “ఇట్టా నడిచి రావే తల్లీ.”

పిల్ల నడిచొచ్చింది. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

“దాని కాళ్లు చూడు. నా కాళ్లు చూడు. తర్వాత నీ ఇష్టం.”

అయూబ్ పిల్ల మోకాళ్లకేసి చూశాడు. తర్వాత గోడకు ఆనించిన పలుగు అందుకుని, “రా జక్రయ్యా, గట్టు ఎక్కడ తెగ్గొట్టాలో చూపిస్తా,” అంటూ బయల్దేరాడు.

రోహిణి ఎండల్లోనూ దొన అడుగంటలేదు. ఊరంతా కొండెక్కింది. ఒకళ్లు తవ్వితే ఒకళ్లు మోశారు. పైపు పూడ్చిన వారానికే పెద్దవాన పడింది. గుండ్లు దొర్లుకుంటూ వాగుదారిన దిగి, కుడివైపంతా ఊడ్చుకుపోయాయి. ఎడమవైపు పైపు మీద మట్టి కూడా చెదరలేదు. తెల్లారి జక్రయ్య కొండెక్కి ఆ పూడ్చిన దారి పొడవునా నడిచి చూసుకున్నాడు.

కుళాయి తిప్పిన రోజు ముందు బుసమంటూ గాలి వచ్చింది. ఆ వెనకే నీళ్లు దూకాయి. గుల్షన్ దోసిలిపట్టి తాగుతుంటే అంతా గుడిలోనో, చర్చిలోనో, మసీదులోనో ఉన్నట్టు నిలబడిపోయారు.

ఆ సాయంత్రమే కుర్చీకి బొంగులు కట్టి ఖాజాబీని కొండ మీదికి మోశారు. ఒక బొంగు అయూబ్ భుజం మీద, ఒకటి జక్రయ్య భుజం మీద. దొన ఒడ్డున దింపగానే ఆమె నీళ్లలో చెయ్యి పెట్టింది. చీలిన బండను కిందినుంచి పైదాకా చూసింది. చట్టును చూసింది. రేలచెట్టు కోసం వెతుక్కుని మరీ చూసింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

చిన్నప్పుడు ఇక్కడ మేకలు కాసి ఉంటుంది, ఆ రోజులు గుర్తొస్తున్నాయేమో అనుకున్నాడు జక్రయ్య. మెల్లగా అడిగాడు.

“ఎన్నాళ్లకొచ్చావమ్మా మళ్లీ పైకి?”

“రావటం ఇదే మొదలు నాయనా.”