పూల తెర

“ఆ తెర తీయొచ్చా అక్కా?” అంది కెమెరా అమ్మాయి.

ఆ గదిలో ఉండే ఆమె కూర్చున్నచోటే తెరకు అడ్డంగా జరిగింది. ‘పరాయి దేశంలో మన ఆడవాళ్ళ బతుకుల మీద సినిమా’ అంటూ ఈ పిల్ల తీయగా మాట్లాడుతూ వచ్చినప్పుడే అనుమానించాల్సింది.

“దేనికి? గోడకు పట్టిన చెమ్మ ఊరంతా చూపించడానికా? నిజం చెప్పు, నిన్నెవరు పంపారు?”

“ఎవరూ పంపలేదక్కా. మీరుండే గది ఉన్నదున్నట్టు చూపిద్దామనే.”

“మా అమ్మ చూస్తే తిండి మానేస్తుంది. ఫోన్లో ఎప్పుడూ ఈ పూల తెర ముందే కూర్చుని మాట్లాడతాను. మా గోడే అంత అందంగా ఉందనుకుంటోంది పిచ్చిది. నీకేం, తీసుకుని చక్కాపోతావు. ఆవిడకి జవాబు చెప్పుకోవాల్సింది నేను.”

అమ్మాయి కెమెరా దించబోయింది.

ఈలోగా మూడేళ్ళ కూతురు అన్నం గిన్నె వదిలేసి పరుగున వచ్చింది. కెమెరాను చూడగానే, ఎవరూ చెప్పకుండానే తెర ముందు నిలబడి మూతి తుడుచుకుంది. దగ్గు వచ్చింది. రెండు చేతులతో నోరు నొక్కుకుని, అది తగ్గేదాకా ఆగి, అప్పుడు నవ్వింది.

“ఇక్కడ అంతా బాగుంది అమ్మమ్మా.”

ఆమె కూతురి వంక చూసింది. ఆ మాట తనది. ఆ నవ్వూ తనదే. నోరు నొక్కుకోవడం మాత్రం తాను నేర్పలేదు.

లేచి తెరకున్న పిన్నులు పీకింది.

“ముందు ఆ కింద మూల కెమెరాలో తియ్యి,” అంది. “పాప పడుకునేది అక్కడే.”