బిజిలీ సకిలింపు

కాల్వగట్టు మలుపులో బిజిలీ ఉన్నట్టుండి ఆగి సకిలించింది.

జీను మీదున్న భీమన్న ఉలిక్కిపడ్డాడు. ఆ సకిలింపు ఆయనది. పొద్దున్నే కొట్టం తలుపు తీసినప్పుడు ఆయన ఒక్కడి కోసమే బిజిలీ అలా గొంతెత్తుతుంది. భార్య పుష్పలత గడ్డి వేసినా ఎత్తదు.

ఇప్పుడు గట్టు కింద గడ్డి కోస్తున్న ఎవరో ముసలామెను చూసి ఎత్తింది.

ఆమె కొడవలి పక్కన పెట్టి లేచింది. చేయి చాపింది. బిజిలీ మెడ వంచి ఆమె అరచేతిలో మూతి పెట్టి కళ్లు మూసుకుంది.

"మంచిగున్నవా తల్లీ," అని ఆమె గుర్రాన్ని అడిగింది.

భీమన్న కళ్లెం లాగాడు. బిజిలీ కదల్లేదు. మడమతో పొడిచాడు. అప్పుడు కదిలింది, అదీ వెనక్కి చూసుకుంటూ.

ఊళ్లో ఇంటింటికీ బైకులున్నా భీమన్న చెరుకు తోటకు గుర్రం మీదే పోతాడు. బిజిలీకి వయసు మీద పడింది. పేరుకే మెరుపు, ఇప్పుడు ఎద్దుబండి కూడా దాన్ని దాటిపోతుంది. అయినా ఆయన తొందరపెట్టడు. ఎత్తు వస్తే దిగి పక్కన నడుస్తాడు.

మర్నాడూ అదే మలుపు, అదే సకిలింపు. ఆ తర్వాతా అంతే.

ఉండబట్టలేక పుష్పలతతో చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇన్నేండ్లు నాకు గుర్రమే సవతాయె. ఇగ నీకూ ఓ సవతి దొరికింది. తెలుస్తది ఎట్లుంటదో."

ఆయన నవ్వలేదు. ఆ పూట అన్నం సగంలో లేచాడు.

మలుపు రాకముందే దిగి బెల్లం ముక్క తినిపించి చూశాడు. బెల్లం చప్పరిస్తూనే బిజిలీ గట్టు వైపు చెవులు నిక్కించింది.

దారి మార్చి నవీపేట్ రోడ్డెక్కించబోయాడు. ఎక్కనని మొరాయించింది. ఇన్నేళ్లలో మొదటిసారి పగ్గంతో దాని మెడ మీద కొట్టాడు. కొట్టిన చోట వాత తేలింది. తన మీద తనకొచ్చిన కోపం కూడా ముసలామె మీదికే మళ్లింది.

నేరుగా గట్టు దగ్గరికి పోయి దిగాడు.

"ఎవలవ్వా నువ్వు?"

"కాల్వ అవుతల గూడెమే పటేలా. శారమ్మ అంటరు. రెండేండ్లు బిడ్డ దగ్గర నిజామాబాద్‌ల ఉండి మొన్ననే వచ్చిన."

"నా గుర్రానికి ఏం మందు పెట్టినవ్?"

"గడ్డిపోస గూడ పెట్టలే."

"మరి నిన్ను సూడంగనే ఎందుకు ఆగుతది?"

 శారమ్మ బిజిలీ మెడ మీద తేలిన వాతను తడిమింది. ఆ చేయి చూసి భీమన్నకు ఒళ్లు మండింది.

"చెయ్యి తియ్యి. గిది నాకేమైతదో నీకెర్కనా? రెండేండ్ల కింద తెల్లారగట్ల నీళ్లు కట్టను పోతూ, కండ్లు తిరిగి గీ కాల్వల్నే పడ్డ. కండ్లు తెరిచేసరికి మా వాకిట్ల ఉన్న. పక్కన గిదొక్కటే నిలవడ్డది. నీళ్లల్ల నుంచి గుంజి, మోసుకొచ్చి నన్ను బతికిచ్చింది. అప్పటికి ముసల్దయిందని మాలెగావ్ గుర్రాల జాతరల అమ్ముదామనుకుంటున్న. ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్న, సచ్చేదాక నా కొట్టంలనే ఉంటదని. గసొంటిదాన్ని నీ దిక్కు మలుపుకుంటవా?"

శారమ్మ చేయి తీసేసింది. 

"మంచి గుర్రం పటేలా. మంచిగ సూస్కో," అంది.

"రేపటి సంది గీ గట్టు మీద కనవడొద్దు."

"కనవడ."

అన్నట్టే కనబడలేదు.

భీమన్న పంతం నెగ్గింది. అయినా బిజిలీ రోజూ ఆ మలుపులో ఆగేది. కాసేపు చెవులు నిక్కించి వినేది. సకిలించేది కాదు. పొద్దున కొట్టం తలుపు తీసినప్పుడు కూడా సకిలించడం మానేసింది. చెరుకు కొట్టే రోజులొచ్చేసరికి దాణా సగం వదిలేస్తోంది. పశువుల డాక్టరు పళ్లు చూశాడు, పొట్ట చూశాడు, జబ్బేమీ లేదన్నాడు.

"పోయి ఆమెను తోలుకరా," అంది పుష్పలత. "సవతైతేంది. గుర్రం తింటే సాలు."

భీమన్న కొన్నాళ్లు బిగుసుకున్నాడు. చివరికి బిజిలీని నడిపించుకుంటూ గూడేనికి బయల్దేరాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. 'పొద్దుకోసారి వచ్చి పో అవ్వా' అనాలి. అంతకు మించి తగ్గకూడదు.

శారమ్మ ఇంటి ముందు ప్రార్థన కూటం అయిపోయినట్టుంది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. గడపలో ఒకామె ఒంటరిగా కూర్చుని ఉంది.

"శారమ్మ లేదా?"

"నేను ఆమె బిడ్డను, రజినిని. మొన్న ఆదివారం అమ్మను సమాధి చేసినం."



రజిని ఆయన వెనకున్న గుర్రాన్ని చూసింది.

"బిజిలీ గిదేనా? మంచిగ తింటుందా అని పానం పోయేదాక అడిగింది అమ్మ."

"మీ అమ్మకు దీనితోని ఏం సంబంధం?"

రజిని ఆశ్చర్యంగా ఆయన ముఖంలోకి చూసింది.

"మీకు తెల్వదా పటేలా? మిమ్ముల కాల్వల నుంచి గుంజింది అమ్మనే కద. ఒక్కతి ఎట్ల మోస్తది? గుర్రం గట్టు కింద పల్లంల వచ్చి నిలవడ్డదట. గట్టు మీద నుంచి దాని మీదికి దొర్లిచ్చి, తన చీరె ఇప్పి మిమ్ముల కట్టి, మీ ఇంటిదాక నడిపిచ్చుకపోయింది. లంగ మీదున్న మనిషి నలుగురి ముందట నిలవడలేక, మిమ్ముల వాకిట్ల దించి, తడి చీరె సుట్టుకొని ఇంటికొచ్చింది."

భీమన్న వెనక్కి తిరిగి బిజిలీని చూశాడు.

"నేను గన్ని మాటలన్నప్పుడన్న చెప్పలేదేంది?"

"నేనూ గదే అడిగిన," అంది రజిని. "'గుర్రమే బతికిచ్చిందనుకోనీ బిడ్డా, నేనని తెలిస్తే ముసలి గుర్రాన్ని మల్ల జాతరకు తోలుకపోతడు' అన్నది."