యాంకరమ్మ చెబితేనే

మిర్చి యార్డు గేటు ముందు ఆదాం మిర్చి బస్తాల ట్రాక్టరును అమ్మకుండానే వెనక్కి తిప్పుతున్నాడు. లా చదువుతున్న కూతురు షాహిస్తా కాలేజీ నుంచి పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"నీకు తెలియదు నాన్నా, మబ్బేసింది. బండిలో టిక్కీలు తడిస్తే కాయ రంగు పోద్ది. ఇవాళే అమ్మెయ్."

"సోమవారం రేటు పెరుగుద్దంట. వార్తల్లో యాంకరమ్మ చెప్పింది, చూడు," అని ఫోనులో వీడియో చూపించాడు.

షాహిస్తా నీరుగారిపోయింది. "ఇది నేను చేసిందే. ఏఐతో అబద్ధం ఎంత తేలికో క్లాసులో చూపించడానికి చేశా. ఎవరో బయటికి పంపారు. అసలా మనిషే లేదు."

"నువ్వా? టీ పెట్టడం రాదు, మనిషిని చేశావా?"

"నీకు తెలియదు, ఉండు."

ఆమె ఫోనులో నాలుగు మాటలు కొట్టింది. రెండు నిమిషాల్లో అదే యాంకరమ్మ చిరునవ్వుతో పలికింది: "ఆదాం గారూ, నమస్కారమండి. మీ షాహిస్తా చెప్పేది నిజం. అబద్ధాన్ని నేనేనండి."

ఆదాం ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. ట్రాక్టరు గేటు వైపు తిప్పాడు.

"అబద్ధమని ఒప్పుకున్నా ఆమె మాటే నమ్ముతావా?"

"గారూ అంది. నువ్వు లాలో చేరాక 'నీకు తెలియదు' తప్ప నాతో ఇంకో మాటన్నావా?"

షాహిస్తా ట్రాక్టరెక్కి తండ్రి పక్కన కూర్చుంది.

"ఆదాం గారూ, టీ తాగుతారా అండీ?" అని అడిగింది.

"నువ్వు పెట్టకపోతే తాగుతా," అన్నాడు ఆదాం.