పటిక అద్దకం

పెడనలో ప్రతి పిల్లి మెడలోనూ ఒంట్లో సంగతి చెప్పే దీపపు పట్టీ ఉన్న రోజులవి. కలంకారీ అద్దే మంగతాయమ్మ పిల్లి గవ్వకు వైరస్ సోకి, పట్టీ ఎర్రబడింది.

"యాంటీబాడీలు సున్నా పిన్నీ. ఆరేళ్ల కిందటి టీకా ఇంకెక్కడుంటుంది? గవ్వను ఆస్పత్రికి తీసుకుపోవాలి," అంది నర్సు సలోమి.

"సాయంత్రం దాకా ఆగవే! పటిక అద్దిన గుడ్డ ఉతికితే తెల్లగానే కనిపిస్తుంది, పటిక మాత్రం దారంలోనే దాగి ఉంటుంది. రంగుకాగులో ఉడికితేనే పువ్వు లేస్తుంది," అంది మంగతాయమ్మ.

కాగు పక్కన గవ్వ ఒళ్లు కాలిపోతోంది. ఆవిరిలో ఇల్లంతా మబ్బులా తేలింది. పొద్దు వాలేసరికి గుడ్డ మీద ఎర్రపువ్వులు ఒక్కొక్కటే లేచాయి. పట్టీ ఎరుపు పోయి, ఒళ్లు కుదుటపడిందన్నట్టు నీలంగా వెలిగింది.

"పాత టీకా దాచుకున్న కణాలు వైరస్‌ని గుర్తుపట్టాయి పిన్నీ!" అంది సలోమి.

మంగతాయమ్మ గవ్వ వీపు నిమిరింది.

"ఆ టీకా వేయించి, ఆ నెల్లోనే పోయాడు మా ఆయన. ఆయన చేత్తో అద్దింది ఏదీ వెలిసిపోలేదులే."