ఫిల్టరు మీద ఎర్రగీత

"మీరు దొంగలు! ఎవడో వాడి వదిలేసిన బండికి రంగేసి, కొత్తదని నాకు అంటగట్టారు!"

ఆ అరుపుకి సర్వీసు షెడ్డులో రెంచీలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. మేనేజరు గదిలోంచి పరుగున వచ్చాడు. మొహం మీద నవ్వు మాత్రం చెరగనివ్వలేదు. అది వాళ్ళకి యూనిఫారంతో పాటే ఇస్తారు.

"మేడమ్, కొంచెం నెమ్మదిగా..."

"ఎందుకు నెమ్మదిగా? మీ మోసం మీ కస్టమర్లకి వినపడుతుందనా? విననీ!"

ఆమె కిటికీ అద్దాలు మోసే డ్రైవరు. అందుకే అందరికీ అద్దాలక్క. ఇంట్లో ఉన్న పాత బండి అమ్మి ఈ కొత్త పికప్పు కొన్నారు. ఇది దారిలో మొరాయిస్తే అద్దాలూ పోతాయి, నమ్మి పని ఇచ్చేవాళ్ళూ పోతారు. ఇంటిల్లిపాదీ రోడ్డున పడతారు. మరి అరవదా?

"నిన్న ఆయిల్ మార్చుకుందామని బండి కిందికి దూరాను. ఆయిల్ ఫిల్టరు మీ కంపెనీది కాదు! పైగా దాని మీద ఎర్రగీత. ఎప్పుడో విప్పి బిగించిన ఇంజను ఇది!"

"అసలు ఆయిల్ ఎందుకు మారుస్తున్నారు మేడమ్? పదివేల కిలోమీటర్ల దాకా ముట్టుకోనక్కర్లేదు. పుస్తకంలోనే ఉంది."

"పుస్తకం రాసినవాడు నా అద్దాలు మోస్తాడా? కొత్త ఇంజన్లో ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. ఆ రజనంతా తొలి ఆయిల్లోకే దిగుతుంది. పసిపిల్లకి తడిగుడ్డ మార్చడానికి మీరు నెలాఖరు దాకా ఆగుతారా? ముందే తీసెయ్యాలని మా మామయ్య నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. అడగండి ఆయన్ని!"

ఆ మామయ్య మూల బెంచీ మీద, బండికి వీపు తిప్పి కూర్చుని పేపరు చదువుతున్నాడు. తను నడిపిన పాత బండి అమ్మేశారని అలిగాడు. ఆ రోజు నుంచి కోడలితో మాటల్లేవు. కొత్తదాని మొహం చూడనని ఒట్టు. ఇవాళ కూడా, కోడలికి తోడు వెళ్ళమని పెళ్ళాం తరిమితే వచ్చాడు. అదీ బస్సులో.

ఆయన పేపరు దించకుండానే మేనేజరుతో అన్నాడు. "నన్ను ఇందులోకి లాగొద్దని ఆవిడకి చెప్పండి."

"మామయ్యా, నేను మీ ముందే ఉన్నాను."

"ఉందని తెలుసని చెప్పండి."

మేనేజరు ఎవరికి చెప్పాలో తెలియక మెకానిక్కుని పిలిచాడు. బండిని లిఫ్టు మీద పైకి లేపారు. మెకానిక్కు కింద నిలబడి, డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి, వేలికంటిన ఆయిల్ని వెలుతురులో చూశాడు.

"తేనెలా ఉందక్కా! ఇది తొలి ఆయిల్ కానే కాదు. బోల్టుకి కొత్త వాషరు పడింది. ఎయిర్ ఫిల్టరు దులిపారు. కూలెంటు గీత దాకా నింపారు. ఎవరో గానీ సొంత బిడ్డలా చూసుకున్నారు."

"విన్నారా? మీవాడే ఒప్పుకున్నాడు!"

మూల బెంచీ మీద మామయ్య గట్టిగా దగ్గాడు.

"ఈ ఎర్రగీత కూడా తెలివైన పనే. ఫిల్టరు వదులైతే గీత పక్కకి జరుగుతుంది, ఇట్టే కనిపెట్టొచ్చు," అంటూ మెకానిక్కు ఆమె చేతుల వైపు చూశాడు. "అవునూ, ఒక చేతికే గోళ్ళరంగేంటక్కా?"

"మొన్న పెళ్ళికి బయల్దేరుతుంటే సగంలో సీసా మాయమైంది. మా ఆడపడుచు పనే అయ్యుంటుంది. దాని సంగతి ఇంటికెళ్ళి చూస్తా. ముందు నా బండి సంగతి తేల్చండి!"

"మీ ఇంట్లోనే ఎవరైనా మార్చారేమో..." మేనేజరు నసిగాడు.

"ఎవరు మారుస్తారు? పని తెలిసిన ఒక్క మనిషీ దాని మొహం చూడనని భీష్మించుకు కూర్చున్నారు. నాకు వేరే బండి కావాలి. లేదంటే మా హమాలీలందర్నీ తెచ్చి మీ గేటు ముందు కూర్చోబెడతా. అద్దాలు దించడం తెలిసినవాళ్ళకి పగలగొట్టడం కూడా తెలుసు!"

అడగాల్సింది ఇలాగే. మర్యాదగా అడిగి ఉంటే ఇంకో పుస్తకం చేతిలో పెట్టి పంపేవాళ్ళు. మేనేజరు గదిలోకెళ్ళి పైవాళ్ళతో చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చాడు. నవ్వు లోపలే వదిలేసి వచ్చినట్టున్నాడు.

"సరే మేడమ్. ఇది వెనక్కి తీసుకుంటాం. ఇంకోటి ఇస్తాం. తాళం ఇవ్వండి."

అద్దాలక్క మొహం విప్పారింది. గెలిచాననుకుంటూ తాళం తీసి బల్ల మీద పెట్టింది. మేనేజరు చెయ్యి చాచాడు.

అంతకంటే ముందే ఇంకో చెయ్యి వచ్చి తాళం మీద పడింది. ఎంత తోమినా వదలని ఆయిల్ నలుపు గోళ్ళ సందుల్లో ఉన్న ముసలి చెయ్యి.

మామయ్య రెండో చేత్తో చొక్కా జేబులోంచి ఎర్రటి గోళ్ళరంగు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత తిన్నగా కోడలి వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నేను సాకిన బండిని ఎవడికీ ఇచ్చేది లేదు. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా. దారిలో గేరాయిల్ కొనాలి, అది కూడా ఇవాళే మార్చాలి!"