ఎలుకలు కొరికిన తీగ

“ఐదోసారి! ఒక్క చలికాలంలో ఐదుసార్లు వచ్చావు. అసలు నీకు పని వచ్చా, రాదా?”

వెర్నర్ అరుపుకి గ్యారేజీ కప్పు మీది మంచు ఊడి పడుతుందేమో అనిపించింది. గ్యారేజీ తలుపులు బాగుచేసే డ్వేన్ పనిముట్ల పెట్టె కింద పెట్టాడు. బయట సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మణికట్లు అప్పుడే సలపడం మొదలెట్టాయి.

“నా చేతిలో ఏముంది పెద్దాయనా? యాభై మూడులో కట్టిన ఇల్లు. చెక్క తలుపు, సరస్సు గాలి తడికి ఉబ్బుతుంది. చలికి స్ప్రింగు పుటుక్కుమంటుంది. గోడలనిండా కంతలే, ఎలుకలన్నీ వెచ్చదనానికి లోపలికొచ్చి తీగలు కొరుకుతాయి. డులూత్‌లో పాత ఇళ్ళన్నిటికీ ఇదే రోగం.”

“కబుర్లు చెప్పకు! ముప్పై నాలుగేళ్ళు మంచు తోసే బండి నడిపినవాణ్ణి. ఎంత తుఫానొచ్చినా ఒక్కరోజు ఆగలేదు. అలాంటివాణ్ణి ఈ ముష్టి తలుపు మూడు నెలలుగా ఇంట్లో కూర్చోబెట్టింది. నాకు నా కారు బయటికి రావాలి, అంతే!”

ఆఖరి మాట వంటింటి తలుపు వైపు తిరిగి మరీ అరిచాడు. ఆయన ఎప్పుడూ అంతే, తిట్టేది డ్వేన్‌నే అయినా గొంతు మాత్రం ఇల్లంతా వినిపించాలి.

“డ్వేన్, కాఫీ తాగి మొదలెట్టు,” లోపల్నుంచి ఆయన భార్య సిగ్నె పిలిచింది.

ఆ పిలుపు దేనికో డ్వేన్‌కి తెలుసు. నవంబరులో మొదటిసారి వచ్చినప్పుడు తలుపుని పైకెత్తే స్ప్రింగు నిజంగానే విరిగింది. అదే రోజు కొత్తది వేశాడు. పది రోజులకి తలుపు నడిపే మోటారు తీగ తెగింది. అతికించాడు. మళ్ళీ తెగింది. ఆ మూడోసారి సిగ్నె ఇలాగే కాఫీకి పిలిచి, యాలకుల రొట్టె కోస్తూ గొంతు తగ్గించి చెప్పింది.

“ఆయనకి చూపు పోతోంది. మొన్న స్కూలు మలుపులో ఓ పాప అడ్డొస్తే చూసుకోలేదు. నేను కేక పెట్టబట్టి వెంట్రుకవాసిలో తప్పింది. ఎండ కళ్ళలో పడిందన్నాడు. ఎండెక్కడిదీ, ఆ రోజంతా మబ్బే!”

“బండి తియ్యొద్దని చెప్పండమ్మా.”

“నేనా? ఆ మాటంటే ఇంక ఆ మనిషిలో ఏం మిగుల్తుంది? నువ్వు తలుపు బాగుచెయ్యకు నాయనా, అదే పదివేలు.”

మొహం మీద చెప్పడం ఈ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. చలి అంటారు, తలుపు అంటారు, ఇంకో ముక్క రొట్టె తినమంటారు. డ్వేన్ కూడా ఈ ఊరివాడే. అందుకే అప్పట్నుంచీ వచ్చినప్పుడల్లా సామాను రాలేదని అబద్ధం చెబుతూ వచ్చాడు. దాని ఫలితం, వెర్నర్ చర్చిలో అందరి ముందూ అతనికి పని రాదని చెప్పాడు. ఇదే వీధిలో రెండిళ్ళవాళ్ళు అప్పుడే ఇంకో మనిషిని పిలిచారు. ముప్పై ఏళ్ళ పేరు మంచులో కలిసిపోతుంటే ఎంతకని ఊరుకుంటాడు?

“ఈరోజు బిగించేస్తానమ్మా,” వంటింట్లోకి వెళ్ళగానే చెప్పేశాడు. “ఇంక అబద్ధాలాడటం నావల్ల కాదు. కానీ ముందు ఆయనతో నేనే మాట్లాడతాను. కారు తాళాలు మీకిచ్చెయ్యమంటాను.”

సిగ్నె కాఫీ కూజా బల్ల మీద పెట్టేసింది. “ఇవ్వడు. పంతానికైనా బండి తీస్తాడు. ఏ పిల్లనో గుద్దేస్తే ఆ పాపం మన ముగ్గురిదీ.”

“ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం. ఒకళ్ళైనా నిజం చెప్పాలిగా!”

కాఫీ తాగకుండానే గ్యారేజీలోకి వచ్చాడు. మూలనున్న ఎలుకల బోను ఈసారీ ఖాళీగానే ఉంది. డిసెంబరులో పెట్టిన వేరుశనగ ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉండి రాయిలా గట్టిపడింది. మహా తెలివైన ఎలుకలు అనుకున్నాడు డ్వేన్ విసుగ్గా.

వెర్నర్ గోడనానుకుని నిలబడి ఉన్నాడు. బొటనవేలికి పట్టీ ఉంది.

“చలికి పగిలిందా?”

“ఊఁ,” అని ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

డ్వేన్ సంచిలోంచి కొత్త తీగ చుట్ట తీశాడు. ముందు పని గురించి చెప్పాడు.

“ఇది ఇనప గొట్టంలో దూర్చిన తీగ పెద్దాయనా. ఎలుక పళ్ళు అరిగిపోవాల్సిందే. అరగంటలో తలుపు లేస్తుంది. కానీ దానికన్నా ముందు మీతో ఓ మాట…”

వెర్నర్ చెయ్యి చాచాడు. గొట్టం అందలేదు, వేళ్ళు పక్కనున్న గాలిని పట్టుకున్నాయి. రెండోసారి దొరికింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వేళ్ళతో తడిమాడు. కోపమంతా ఎటు పోయిందో, ఒక్కసారిగా ఎనభై మూడేళ్ళూ మొహం మీదికి వచ్చాయి.

గోడ పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూశాడు. అలాగే తిరిగొచ్చి, కోటు జేబులోంచి చిన్న కటింగ్ ప్లయరు తీసి డ్వేన్ అరచేతిలో పెట్టాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

“అది బిగించకు నాయనా, మామూలు తీగ కొయ్యడానికే నాకు చూపు ఆనలేదు.”